అంగడి రోజు వాయిదా

మిర్యాలగూడ,
12 జూన్ 1989.

చిరంజీవి తారకు కాకా దీప్లా దీవెనలు.

యూనివర్సిటీ ముద్ర వేసిన నీ దరఖాస్తు శనివారం మా ట్రిబ్యునలుకు చేరింది. మా అధికారి దాన్ని రెండుసార్లు చదివి, కళ్ళద్దాలు తీసి, "ఈ లావుడ్య తారాబాయి ఎవరయ్యా? మన పాత ఫైళ్ళతో ఆమెకేం పని?" అన్నాడు. "మా మంగ్త్యా అన్న బిడ్డ సార్. కోదాడల కాలేజీ పిల్లలకు పాఠాలు చెప్తది. పీహెచ్‌డీ చేస్తున్నది" అని ఛాతీ విరుచుకుని చెప్పాను. సంతకం పెట్టేశాడు. కాబట్టి సెలవుల్లో ఎప్పుడైనా రావచ్చు.

కానీ బిడ్డా, నాకొకటి అర్థం కాలేదు. కింది ఆఫీసులో పట్టా రద్దయినవాళ్ళు మా దగ్గరకు అప్పీలుకొస్తారు. మా అధికారి వింటాడు, తీర్పు రాస్తాడు. కొందరు గెలుస్తారు, కొందరు ఓడతారు. ఇందులో లెక్కపెట్టడానికి ఏముంది? తీర్పు బాగుందా లేదా చూడాలి గాని, ఎన్ని ఉన్నాయో లెక్కపెడితే ఏం తెలుస్తుంది? ఇరవై ఏడేళ్ళ నౌకరీలో, అందులో పదకొండేళ్ళు ఈ కోర్టు బల్ల దగ్గరే కూర్చుని, నాకు తెలియనిది లెక్కలకు తెలుస్తుందా?

సరే, నీ ఇష్టం. నీ కోసం నలభై ఫైళ్ళు ఏరి పక్కన పెట్టాను. అన్నీ మంచివి. కాగితాలు చిరగలేదు, తీర్పులు నిండుగా ఉన్నాయి. ఎలుకలు కొట్టినవి ఒక్కటి కూడా లేవు. నీకు కష్టం ఉండదు.

మీ బాపుకు మోకాలి నొప్పి తగ్గిందా? నన్ను అడిగాడని రాయకు, ఆయన అడగడు.

నీ కాకా,
దీప్లా.

*

కోదాడ,
20 జూన్ 1989.

కాకాకు తార నమస్కారాలు.

అనుమతి ఇప్పించినందుకు సంతోషం. కానీ ఆ నలభై ఫైళ్ళు మళ్ళీ వాటి చోట పెట్టేయి. కోపం తెచ్చుకోకు. నువ్వు మంచివని ఏరినవి నాకు పనికిరావు. రిజిస్టరులో 1980 నుంచి 1988 దాకా ఉన్న ప్రతి పదో ఫైలూ తీస్తాను. చిరిగినదైనా, ఎలుకలు కొట్టినదైనా, తీర్పు ఒక్క వాక్యమే ఉన్నదైనా సరే. నాకు ఇష్టమైనది తీసే హక్కు నాకూ లేదు, నీకూ లేదు. అలా తీస్తేనే మిగతా తొమ్మిదింటి గురించి ఏమైనా చెప్పగలను.

ఒక్కో ఫైలుకు ఒక్కో కార్డు రాస్తాను. అప్పీలు చేసినవాళ్ళు ఊరివాళ్ళా, తండావాళ్ళా? వకీలు ఉన్నాడా? ఎన్ని వాయిదాలు? చివరి రోజు మనిషి హాజరయ్యాడా, గైర్హాజరా? తీర్పు ఎటు? అంతే. ప్రభుత్వం మనుషుల గురించి ఎలా నిర్ణయిస్తుందో పుస్తకాల్లో చాలామంది రాశారు. నిజంగా ఎలా జరిగిందో ఫైళ్ళు తెరిచి చూసినవాళ్ళు తక్కువ.

బాపు మోకాలు అలాగే ఉంది. నువ్వు అడిగావని చెప్పాను. రాయొద్దన్నావు గాని, చెప్పొద్దనలేదుగా.

పోయిన నెల హాలియాలో పెళ్ళికి పోతే రంగి అత్త కనిపించింది. నీ పేరెత్తకుండానే నీ సంగతులన్నీ అడిగింది. "గా కోర్టాయన బాగున్నడా?" అంది. మీ ఇద్దరికీ ఏమైందో ఎవరూ నాకు సరిగా చెప్పరు.

తార.

*

మిర్యాలగూడ,
2 జూలై 1989.

తారకు,

నీ ఉత్తరం చదివాక ఒక పూట నాకు అన్నం సయించలేదు. ఇరవై ఏడేళ్ళు నౌకరీ చేసినవాడు ఏరి పెట్టిన ఫైళ్ళు పనికిరావట, గుడ్డిగా పదోది తీస్తే పనికొస్తుందట! మీ కాకీ మోతీబాయి అయితే పడీపడీ నవ్వింది. "నువ్వు పెండ్లిసూపులకు పిల్లను సింగారిచ్చినట్టు ఫైళ్ళు సింగారిస్తివి. ఆమెకు ముసలోళ్ళు గూడ గావాల్నట" అంది. సరే, వాటి చోట వాటిని పెట్టేశాను. దసరా సెలవులకు రా. రికార్డు గదిలో నీకొక బల్ల, ఫ్యాను వేయిస్తాను. ఫ్యాను తిరుగుతుందని మాత్రం హామీ ఇవ్వలేను.

రంగి అక్క సంగతి అడిగావు. దాచడానికేం లేదు. ఆమెకు బోడగుట్ట తండా దగ్గర రెండెకరాల లావణి పట్టా ఉంది. మీ ఫూఫా, మా ఫకీరా బావ బతికి ఉన్నప్పుడు సర్కారు ఇచ్చింది. అప్పుడది రాళ్ళగుట్ట. ఇద్దరూ కలిసి రాళ్ళేరారు. ఎడమ కాలువ నీళ్ళొచ్చి వరి పండడం మొదలవగానే దాని మీద అందరి కళ్ళూ పడ్డాయి. ఆమె సాగు చేయడం లేదని ఎవరో అర్జీ పెట్టారు, కింది ఆఫీసు పట్టా రద్దు చేసింది. నేనే అప్పీలు రాయించాను. 1987 ఫిబ్రవరిలో తుది విచారణ. "అక్కా, పిలిచేదాంక కదలకు" అని నా నోటితో చెప్పాను. పేరు పిలిస్తే మనిషి లేదు. బస్సెక్కి పోయింది! మూడుసార్లు పిలిపించాను. అప్పీలు కొట్టేశారు. రెండెకరాల కన్నా ఆమెకు ఇంటి దగ్గరి బర్రె ఎక్కువైంది.

తర్వాత అడిగితే "నేను కూసున్న, ఎవ్వరు పిలువలే" అని నా మొహం మీదే అబద్ధమాడింది. నా అధికారి ముందు నేను తలదించుకున్న రోజు అది. అప్పటి నుంచి మాటల్లేవు. ఆమె సంగతి నీ పుస్తకంలో రాయకు.

కాకా.

*

కోదాడ,
18 జనవరి 1990.

కాకాకు నమస్కారం.

దసరా సెలవులూ, ఆ తర్వాత ఆరు శనివారాలూ నన్ను భరించినందుకు కాకీకీ నీకూ రుణపడి ఉన్నాను. కాకీ పెట్టిన జొన్నరొట్టెలు లేకపోతే నాలుగు వందల పన్నెండు కార్డులు పూర్తయ్యేవి కావు. పోయిన వారం వాటిని కుప్పలు పోశాను. కళాశాల గదిలో నేల మీద పరిచి, తలుపేసుకుని, రెండుసార్లు లెక్కపెట్టాను. నమ్మకం కలగక మూడోసారి మా లెక్కల లెక్చరరు చేత పెట్టించాను.

ఊరివాళ్ళవి 315 అప్పీళ్ళు. అందులో గైర్హాజరు కింద కొట్టేసినవి 47. తండావాళ్ళవి 97. అందులో గైర్హాజరు కింద కొట్టేసినవి 54. అంటే మనవాళ్ళలో సగానికి పైగా తమ మాట వినిపించకుండానే ఓడిపోయారు. తీర్పు తప్పా ఒప్పా అన్న ప్రశ్నే రాలేదు.

మొదట నేనూ అందరిలాగే అనుకున్నాను. దూరం కదా, చదువు లేదు కదా అని. కానీ కార్డు మీద వాయిదా తేదీలు ఉన్నాయి. క్యాలెండరు ముందు పెట్టుకుని చూశాను. 97లో 83 మందికి తుది వాయిదా వారం సంత జరిగే అంగడి రోజే పడింది. ఆ 83లో 52 గైర్హాజరు. మిగతా రోజుల్లో పడిన 14 మందిలో ఇద్దరే గైర్హాజరు. హాజరైన ఆ పన్నెండు మంది కూడా తండావాళ్ళే, అంతే దూరం, అదే చదువు.

ఊరివాళ్ళ వాయిదాలు వారమంతా చెదిరి ఉన్నాయి. మనవాళ్ళవి మాత్రం ఒకే రోజు. ఇది దానంతట అది జరగదు కాకా. ఎవరో కావాలని చేశారు. తొమ్మిదేళ్ళు, ఒక్క తీరుగా. తండావాళ్ళ మాట వినకుండా వదిలించుకోవడానికి ఇంతకన్నా శుభ్రమైన దారి లేదు. ఎవరి మీదా ఆధారం దొరకదు.

ఇదే నా నాలుగో అధ్యాయం. నీకు తెలియకుండా ఉండదు. వాయిదా తేదీలు రాసేది ఎవరు?

తార.

*

మిర్యాలగూడ,
27 జనవరి 1990.

తారకు,

ఉత్తరం అందింది. వాయిదా తేదీలు పై అధికారి ఇష్టం. ఆఫీసు విషయాలు ఇంటి ఉత్తరాల్లో రాయడం పద్ధతి కాదు. మీ కాకీకి జలుబు. మిగతా అంతా మామూలే.

దీప్లా.

*

కోదాడ,
9 ఫిబ్రవరి 1990.

కాకాకు,

నీ ఉత్తరం ఇంత చిన్నగా ఎప్పుడూ లేదు. అందుకే వాయిదాల డైరీలో నేను రాసుకున్న నకళ్ళు మళ్ళీ తీశాను. ఒక పేజీ జిరాక్సు కూడా ఉంది. తేదీలన్నీ ఒకే చేతిరాత. కుడివైపుకు ఒరిగిన అక్షరాలు. మూడో తరగతిలో నాకు పలక మీద దిద్దించిన చేతిరాత అది. అధికారులు నలుగురు మారారు. ఆ చేయి మారలేదు.

ఎవరు చేయించారు కాకా? ఆ ఊళ్ళ పెద్దమనుషులా? కాలువ కింద భూములు కావాలనుకున్నవాళ్ళా? నువ్వు ఒక్కడివే ఇలాంటి పని చేస్తావని నేను నమ్మను. నౌకరీ పోతుందని బెదిరించారా?

ఇంకో సంగతి. రంగి అత్త గురించి రాయొద్దన్నావు. నేను ఎంచుకోలేదు. రిజిస్టరులో లెక్కపెట్టుకుంటూ పోతే, పదో ఫైలుగా ఆమెదే వచ్చింది. ధరావత్ రంగి, భర్త కీ.శే. ఫకీరా, బోడగుట్ట తండా. తుది విచారణ అంగడి రోజు. గైర్హాజరు.

తార.

*

మిర్యాలగూడ,
22 ఫిబ్రవరి 1990.

తారా,

పన్నెండు రోజులు నీకు రాయొద్దనే అనుకున్నాను. మోతీబాయి ఊరుకోలేదు. "కన్నబిడ్డ లెక్క పెంచినవ్. దొంగ అనుకుంటది, జెప్పరాదు?" అని పోరు పెట్టింది. చెబుతున్నాను, విను. కడదాకా చదువు.

ఆ తేదీలు నేనే వేశాను. ఎవడూ చేయించలేదు. దీప్లాతో తప్పు చేయించే మొగోడు ఈ తాలూకాలో ఇంకా పుట్టలేదు.

నేను ఆ బల్ల మీదికొచ్చిన కొత్తలో మనవాళ్ళు ఒక్క వాయిదాకు రావాలంటే కూలి వదులుకుని, టికెట్టు పెట్టుకుని రావాలి. వస్తే అధికారి లేడంటారు, మళ్ళీ రమ్మంటారు. అంగడికి ఎట్లాగూ వస్తారు కదా! పొద్దున అంగడి చేసుకుంటారు, మధ్యాహ్నం కోర్టుకొస్తారు, ఒక్క టికెట్టుతో రెండు పనులూ అవుతాయి. ఆ రోజు మా అధికారికి పొద్దున సూర్యాపేట క్యాంపు. మధ్యాహ్నం జీపులో ఇక్కడికొస్తాడు. అన్నీ కలిసొచ్చాయి. అందుకే తండా పేరు కనబడితే చాలు, అంగడి రోజే వేసేవాణ్ణి. వేరే గుమస్తాలు "మీ కులపోళ్ళకు బాగనే జేస్తున్నవ్ దీప్లా నాయక్" అని ఎత్తిపొడిచారు. పడ్డాను. మన తండాల్లో ఈ మాట తెలిసి నాకు చేతులెత్తి మొక్కినవాళ్ళున్నారు. ఇప్పుడు నా అన్న బిడ్డ నేలమీద కార్డులు పరిచి, నేను వాళ్ళ గొంతు కోశానంటోంది. పుణ్యానికి పోతే పాపం ఎదురొచ్చిందంటే ఇదే.

నేను తేదీ వేశాను. కూర్చోవలసింది వాళ్ళు. అంగడి అయింది, సంచీ నిండింది, ఇంక కోర్టెందుకని పోతే నాదా తప్పు? మనవాళ్ళకు ఓపిక లేదు బిడ్డా. ఈ మాట బయటివాళ్ళంటే నాకు మండుతుంది. కానీ పదకొండేళ్ళు కళ్ళారా చూశాను. పిలిస్తే వరండా ఖాళీ. మా అక్కే కూర్చోలేదు, ఇంక ఎవరినని ఏం లాభం?

నీ లెక్క తప్పని నేననను. దాని అర్థం తప్పు. కుట్ర అని రాస్తే మాత్రం నా గడప తొక్కకు.

దీప్లా.

*

కోదాడ,
11 మార్చి 1990.

కాకాకు నమస్కారం.

ముందుగా క్షమాపణ. కుట్ర అన్న మాట కొట్టేశాను. నిన్ను అలా అడిగి ఉండకూడదు. చాలా తప్పుగా అడిగాను.

కానీ నీ ఉత్తరంలో ఒక మాట నన్ను పట్టుకుంది. "పిలిస్తే వరండా ఖాళీ" అన్నావు. ఎందుకు ఖాళీయో నా కార్డుల్లో లేదు. ఫైలులో లేదు కాబట్టి కార్డులోకి రాలేదు. పోయిన అంగడి రోజు నీకు చెప్పకుండా వచ్చాను. కొంగు తలమీదికి లాక్కుని, మీ వరండాలో మనవాళ్ళ మధ్య కూర్చున్నాను. నువ్వు లోపల బల్ల ముందు తలవంచుకుని రాసుకుంటున్నావు. ఒక్కసారి కూడా బయటికి రాలేదు. గడియారం చూసి రాసుకున్నది ఇది.

ఒంటిగంటకల్లా తండాలవాళ్ళు పదకొండు మంది వచ్చి ఉన్నారు. జీపు మూడూ ఇరవైకి వచ్చింది. మూడూ నలభైకి కోర్టు మొదలైంది. ముందు వకీళ్ళున్న కేసులు. వకీలు లేనివాళ్ళవి ఆఖర్న. తండావాళ్ళలో వకీలున్నది ఒక్కరికి. హాలియా మీదుగా తండాల వైపు పోయే చివరి బస్సు నాలుగూ నలభైకి. నాలుగుంబావుకు ఒక్కొక్కరే లేవడం మొదలుపెట్టారు. లేస్తూ లేస్తూ తలుపు వైపు చూశారు. ఒక ముసలామెను "ఇంకా పిలవలేదుగా, కూర్చోరాదా?" అని అడిగాను. "పొద్దటి సంది కూసునే ఉన్న గద బిడ్డా! బస్సు పోతే ఏడ పండాలె? ఇంటికాడ బర్రెకు గడ్డి ఎవరేస్తరు?" అంది. ఐదూ ముప్పై ఐదుకు మీ అటెండరు వకీలు లేని తండావాళ్ళలో మొదటి పేరు పిలిచాడు. అప్పటికి ఇద్దరు మిగిలారు.

నీ బల్ల దగ్గర నుంచి బస్టాండు కనిపించదు కాకా. అంతే జరిగింది.

రంగి అత్త కూడా ఆ రోజు నాలుగున్నర దాకా కూర్చునే ఉంటుంది. అబద్ధమాడలేదు. ఆమె ఉన్నంతసేపూ నిజంగానే ఎవరూ పిలవలేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఇన్నాళ్ళూ ఎవరూ పట్టించుకోక ఆమె ఆ పొలం దున్నుకుంటూ వచ్చింది. పోయిన వారం నోటీసిచ్చారు. యాసంగి కోత కాగానే ఖాళీ చేయాలి. బాపూ నేనూ సూర్యాపేటలో రాములు వకీలు దగ్గరికి పోయాం. మూడేళ్ళు దాటిన కేసును మళ్ళీ తెరవాలంటే ఒక్కటే దారి అన్నాడు. గైర్హాజరుకు కారణం మనిషి కాదు, కోర్టు వాయిదాలు వేసిన తీరే అని, వేసినవాళ్ళే ప్రమాణం చేసి రాసివ్వాలి. నా పట్టిక అక్కరకు రాదట. "లెక్కలు సాక్ష్యం జెప్పవమ్మా, మనిషి జెప్పాలె" అన్నాడు.

నీకు డిసెంబరులో రిటైర్మెంటు. అలా రాసిస్తే చార్జి మెమో వస్తుందని, పింఛను ఆగవచ్చని కూడా ఆయనే చెప్పాడు. ఇవ్వమని నేను అడగను. తెలియకుండా ఉండకూడదని రాశాను.

తార.

*

మిర్యాలగూడ,
8 ఏప్రిల్ 1990.

చిరంజీవి తారకు దీవెనలు.

నీ ఉత్తరం వచ్చిన వారమే అంగడి రోజు వచ్చింది. ఆ రోజు నాలుగుంబావుకు కలం కింద పెట్టి వరండాలోకి వచ్చాను. అటెండరు నీళ్ళు కావాలా అని అడిగాడు. లేచి పోతున్నవాళ్ళను చూశాను. ఒకాయన నన్ను చూసి, "దండం సార్, జర పెద్ద సారుకు జెప్పుర్రి, మేం వొచ్చి పోయినమని" అని మొక్కి పరిగెత్తాడు. నేను లోపలికొచ్చి కూర్చున్నాను. ఐదున్నరకు అటెండరు ఆయన పేరు పిలిచాడు. గైర్హాజరు అని నేనే రాశాను. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు రాశానో!

మనవాళ్ళకు ఓపిక లేదని అందరికన్నా ముందు అన్నవాణ్ణి నేనే. అదే నన్ను తినేస్తోంది.

సూర్యాపేట పోయి రాములు వకీలును కలిశాను. రంగి అక్క ఒక్కదానికే ఇస్తే అది చుట్టరికం అవుతుంది. అందరికీ ఇస్తానన్నాను. నా చేత్తో వేసిన అంగడి వాయిదాల్లో కేసు ఓడిపోయి, ఇంకా ఆ భూమి దున్నుకుంటున్నవాళ్ళు ఎవరెవరని మీ బాపు తండాలన్నీ తిరిగాడు, ఆ మోకాలితోనే. ముప్పై ఎనిమిది మంది తేలారు. ఫైలు నంబర్ల వరసలోనే పేర్లు రాశాను. అక్కది పన్నెండోది.

వకీలుకూ నాకూ ఒక్క చోట తగువైంది. పన్నెండో పేరు దగ్గర, "ఈమె నాకు తోబుట్టువు" అని రాశాను. "ఆ ముక్క తీసెయ్యి నాయక్! ఇంటిపేర్లు వేరు, ఎవనికి తెలుస్తది?" అన్నాడు. దాచిపెట్టి ప్రమాణం చేస్తే మిగతా ముప్పై ఏడు మందికి చెప్పిన నిజం కూడా చెడిపోతుందన్నాను. తీయలేదు.

ప్రమాణ పత్రం దాఖలైన మూడో రోజే మెమో చేతికొచ్చింది. బల్ల మార్చారు, ఇప్పుడు స్టాంపుల గదిలో ఉన్నాను. మోతీబాయి మెమోను దేవుడి పటం వెనక పెట్టింది. ఆమె లెక్క ఏమిటో నాకు తెలియదు.

రంగి అక్కకు నువ్వే చెప్పు. నాకు మొహం చెల్లడం లేదు.

కాకా.

*

మిర్యాలగూడ,
19 జూలై 1990.

తారకు దీవెనలు.

పరీక్షల పని ఉందని నువ్వు రాలేకపోయావు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

తీర్పు మళ్ళీ అంగడి రోజే పెట్టారు, కొత్త గుమస్తాకు ఎవరూ చెప్పలేదు కాబోలు. ఈసారి మనవాళ్ళు బస్సును నమ్ముకోలేదు. మూడు ట్రాక్టర్లు మాట్లాడుకుని వచ్చారు. నేను ఆ రోజుకు సెలవు పెట్టి వరండాలో, వాళ్ళ మధ్యే కూర్చున్నాను. సిమెంటు గచ్చు, ఒంటిగంట నుంచి. నీళ్ళ కుండ లోపలి వైపు ఉంటుంది, అడగడానికి మొహమాటం. ఎప్పుడు పిలుస్తారో ఎవరూ చెప్పరు. నడుం పట్టేసింది. నాలుగింటికే నాకు లేచి పోవాలనిపించింది తారా. ఇల్లు రెండు వీధుల అవతల ఉన్నవాడికి!

రంగి అక్క నాకు నాలుగు మూరల దూరంలో కూర్చుంది. పలకరించలేదు. మీ బాపు ఇద్దరి మధ్యా కూర్చుని అటూ ఇటూ చూస్తూ ఉన్నాడు.

ఆరింటికి పిలిచారు. ముప్పై ఏడు అప్పీళ్ళు మళ్ళీ వింటారు. ఇకనుంచి వకీలు లేనివాళ్ళ కేసులు ముందు పిలవాలని కూడా రాశారు. వరండాలో ఒక్కసారిగా కేకలు. పన్నెండోది కొట్టేశారు. ప్రమాణం చేసినవాడు ఈమెకు స్వయానా తమ్ముడు గనుక, అతని మాట ఆధారంగా ఈ కేసు తెరవడం న్యాయం కాదట. అధికారి అది చదువుతూ ఒక్కసారి నా వైపు చూశాడు. ఆయన్ను తప్పుపట్టలేను. ఆ బల్ల దగ్గర నేనున్నా అలాగే జరగాలనేవాణ్ణి.

అక్క లేచి నా దగ్గరికి వచ్చింది. మన భాషలో మొదలుపెట్టాను, క్షమించమని. చేయి అడ్డం పెట్టింది.

"మన మాటల గాదు, తెలుగుల జెప్పు. గీ వకీళ్ళు గూడ ఇనాలె. ఆ దినం నేను కూసున్ననా, లేదా?"

అందరూ ఆగిపోయారు. మీ బాపు నా భుజం మీద చేయి వేశాడు.

"కూసున్నవ్ అక్కా" అన్నాను. "నువ్వు కూసున్నవ్. పిలిచేటాళ్ళం మేమే పిలువలే."

"మూడేండ్లాయె గీ మాటకు" అంది. "భూమి పోయింది, పోనీ. అబద్ధాలదాన్ని అని మాత్రం తండాల తల ఎత్తక తిరిగిన."

ఏడ్చింది. నేనూ ఏడ్చాను, ఆఫీసు వరండాలో, అందరూ చూస్తుండగానే. తర్వాత ఆమె ట్రాక్టరెక్కింది. మా ఇంటికి రమ్మన్నాను. పొద్దున్నే పొలంలో పరికరాలు తెచ్చుకోవాలి, చీకటి పడకముందే బయల్దేరాలి అంది.

ఇప్పుడు నీకొక మాట. కోర్టు రిజిస్టరులో ఆమె పేరు ఎదురుగా గైర్హాజరు అని నా చేతిరాతే ఉంది. దాన్ని ఇంక నేను దిద్దలేను. నీ పట్టికలోనైనా దిద్దు. ఒక్క అంకె. ఎవరికి తెలుస్తుంది?

కాకా.

*

కోదాడ,
27 జూలై 1990.

కాకాకు తార నమస్కారాలు.

దిద్దలేను. నా కార్డు మీద ఉండేది ఫైలులో ఉన్నదే. "ఎవరికి తెలుస్తుంది" అని వకీలు అంటే నువ్వు ఒప్పుకోలేదు. నేనూ ఒప్పుకోకూడదు. ఈ రెండు వాక్యాలు రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది.

ఆ పట్టికలో రంగి అత్త గైర్హాజరుగానే ఉంటుంది. కానీ దాని పక్కన ఇంకో పట్టిక మొదలుపెట్టాను. దానికి ఫైళ్ళు అక్కర్లేదు. మనుషుల దగ్గరికి పోయి ఒకే ప్రశ్న అడగాలి. ఆ రోజు మీరు ఎంతసేపు కూర్చున్నారు? నిన్న బోడగుట్ట తండా పోయి మొదటి కార్డు రాసుకొచ్చాను. అత్త నాగలి ఇంటి ముందు ఆనించి ఉంది. అడగగానే చెప్పింది, తడుముకోలేదు.

ధరావత్ రంగి. వచ్చింది పదకొండు గంటలకు. లేచింది నాలుగున్నరకు. ఐదున్నర గంటలు హాజరు.

తార.